మందు మింగేది ఆమె, మాట్లాడేది ఆయనతో

మా ఊరి రైల్వే స్టేషన్‌కి మా ఊరి పేరు లేదు. ఊరు ఆమదాలవలస, స్టేషన్ శ్రీకాకుళం రోడ్. ఆ ప్లాట్‌ఫారం మీద పొద్దున్నే విశాఖపట్నం వెళ్ళే బండి కోసం నిలబడే ఆడవాళ్ళని ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను. చేతిలో గుడ్డ సంచీ, అందులో ఎక్స్‌రేల కవరు, రక్తపరీక్షల కాగితాలు, ఒక స్టీలు కేరేజీ. పక్కన భర్తో, అన్నో, మేనమామో ఉంటారు. సంచీ మోసేది ఆమె. డాక్టరు గదిలో ఆ సంచీలోని కాగితాల గురించి మాట్లాడేది అతను. తిరుగు బండిలో ఆమెని అడగండి, ఏం చెప్పారమ్మా అని. "మాయనకి సెప్పినారు, నాకేటి తెల్దు" అంటుంది.

ఈ మాట రాసే అర్హత నాకు కొంత ఉందనుకుంటాను. ఆ సంచీ నేనూ మోశాను.

2006లో రాష్ట్రమంతా చికున్‌గున్యా వచ్చింది గుర్తుందా? మా వీధిలో మంచం పట్టని ఇల్లు లేదు. జ్వరం తగ్గాక అందరికీ నొప్పులు మిగిలాయి, నాకూ మిగిలాయి. మిగతావాళ్ళకి కొన్ని నెలల్లో తగ్గిపోయాయి. నాకు తగ్గలేదు. పొద్దున్న లేచేసరికి రెండు చేతుల వేళ్ళూ కర్రల్లా బిగుసుకుపోయేవి. గంటా గంటన్నర దాకా జడ వేసుకోలేను, బట్ట పిండలేను, గ్లాసు ఎత్తలేను. పదింటికల్లా కాస్త వదిలేది, అప్పుడు పని చేసుకునేదాన్ని. దాంతో ఇంట్లో వాళ్ళకి అది జబ్బులా కాక బద్ధకంలా కనిపించింది. "పొద్దున్న పన్లప్పుడే దీనికి నొప్పులొస్తాయి" అని మా అత్తగారు అన్న మాట ఇవాళ్టికీ మర్చిపోలేదు. ఆవిడని తప్పు పట్టి ఏం లాభం, ఆవిడకి ఎవరు చెప్పారు గనక! పొద్దుటి పూట గంట దాటి ఉండే ఆ బిగుతే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి పెద్ద గుర్తని నాకూ ఎవరూ చెప్పలేదు. రెండేళ్ళు ఊళ్ళో సూది వేయించుకున్నాను. సూది పడితే మూడు రోజులు స్వర్గం. అందులో ఉన్నది స్టెరాయిడ్ అని తర్వాత తెలిసింది. ఈ జబ్బుకి మొదటి నెలల్లోనే సరైన మందు మొదలుపెడితే కీళ్ళు వంకరపోకుండా చాలావరకు ఆపొచ్చు. ఆ నెలలన్నీ నాకు "గన్యా నొప్పులు" అన్న పేరు కింద పోయాయి. నా కుడిచేతి రెండు వేళ్ళు అప్పుడు వంగినవే.

మా జిల్లాలో ప్రతి వాపుకీ ఒక పేరు ముందే సిద్ధంగా ఉంటుంది. కాళ్ళు వాస్తే బోదకాలు, కీళ్ళు వాస్తే గన్యా, ముఖం వాస్తే కిడ్నీ. ఆ పేరు పెట్టేశాక ఇంకో పరీక్ష ఎవరూ చేయించరు, ముఖ్యంగా ఆడదానికి.

చివరికి విశాఖలో ఒక డాక్టరు జబ్బు పేరు చెప్పి మెథోట్రెక్సేట్ రాశారు. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు, ఒక్కతే కూతురు. మందు రాస్తూ ఆయన మా ఆయన వైపు తిరిగి "పిల్లలు చాలా?" అనడిగారు. "చాలండి" అన్నారు మా ఆయన. అంతే. నా గర్భం గురించిన ప్రశ్నా, దాని జవాబూ నా తలమీదుగా అటు నుంచి ఇటు వెళ్ళిపోయాయి. ఆ ప్రశ్న ఎందుకడిగారో అప్పుడు నాకు అర్థం కాలేదు. మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తుంది, బిడ్డ కావాలనుకుంటే ముందుగానే, కనీసం ఒకటి నుంచి మూడు నెలల ముందు, మానేసి వేరే మందుకి మారాలి. ఆ మాట నాకు చెప్పి ఉంటే నేనేమనేదాన్నో నాకే తెలియదు. బహుశా "చాలు" అనే అనేదాన్నేమో. కాని అనాల్సింది నేను కదా!

ఈ మందు కథ ఒకటి చెప్పాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో పనిచేస్తూ, 1945లో తన బృందంతో ఫోలిక్ యాసిడ్‌ని తయారు చేయించారు. ఆ ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే అమినోప్టెరిన్ కూడా అక్కడే పుట్టింది. దాన్ని సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చి చూశారు. మెథోట్రెక్సేట్ దానికి స్వయానా చెల్లెలు. సుబ్బారావు గారు 1948లోనే పోయారు. 1951లో గబ్నర్ అనే డాక్టరు కీళ్ళ జబ్బు ఉన్నవాళ్ళకి అమినోప్టెరిన్ ఇచ్చి గుణం చూశారు. అయినా అమెరికాలో ఈ జబ్బుకి మెథోట్రెక్సేట్‌ని అధికారికంగా ఒప్పుకునేసరికి 1988 అయింది. ఇవాళ ప్రపంచమంతటా ఈ జబ్బుకి మొదట రాసే మందు అదే. దాని దుష్ఫలితాలు తగ్గడానికి పక్కన ఇచ్చే మాత్ర ఫోలిక్ యాసిడ్. రెండూ ఒక తెలుగువాడి గదిలోంచి వచ్చినవే. మరి ఆ మందు ఎలా వేసుకోవాలో తెలుగులో రాసిచ్చే చీటీ మాత్రం మనకి లేదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజు వేసుకోవాల్సిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి మనిషి చచ్చిపోవచ్చు. ఇంగ్లీషులో రాసిన చీటీ చదవలేని ఒక పెద్దావిడ, మా సంఘం సభ్యురాలే, మందుల షాపులో చెప్పినట్టు రోజుకొకటి చొప్పున తొమ్మిది రోజులు వేసుకుంది. నోట్లో గంజి కూడా దిగని స్థితిలో మా దగ్గరికొచ్చింది. బతికింది, అదృష్టం. అప్పట్నుంచి మేం ఒక పని చేస్తున్నాం. మందు పెట్టె మీద తెలుగులో వారం పేరు రాస్తాం: "ఆదివారం మాత్రమే" అని. చదువు రానివాళ్ళకి సంత రోజు గుర్తు చెబుతాం. కార్యకర్తలు మీ ఊళ్ళలో ఈ పని ఇవాళే మొదలుపెట్టొచ్చు, దీనికి ఏ నిధులూ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు చెప్పదల్చుకున్న విషయం.

నాలుగేళ్ళ కిందట మా మండలంలో ఒక పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్ళు. పెళ్ళయి ఏడాదిన్నర. కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుతోంది. బుగ్గల మీద ఎర్రటి మచ్చ, జుట్టు రాలడం, కీళ్ళ నొప్పులు, సాయంత్రానికి జ్వరం. ఆ తర్వాత కాళ్ళూ ముఖమూ వాచాయి. ఊళ్ళో వాళ్ళు "ఉద్దానం కిడ్నీ" అన్నారు. ఆ అమ్మాయి ఉద్దానం ముఖం కూడా చూసి ఎరగదు. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు వైపు, ఎందుకొస్తోందో తేలని కిడ్నీ జబ్బుతో కొన్ని వేలమంది బాధపడుతున్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి కూడా ప్రారంభమైంది, ఎన్నో పోరాటాల తర్వాత. ఆ బాధ చిన్నది కాదు. కాని ఆ పేరే ఇప్పుడు జిల్లాలోని ప్రతి కిడ్నీ మీదా ముద్ర అయిపోతోంది. ఉద్దానం తరహా జబ్బులో మొదట్లో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. లూపస్ వల్ల కిడ్నీ చెడితే ప్రొటీన్ ధారగా పోతుంది, తరచు రక్తం కూడా. ఒక మామూలు మూత్రపరీక్షతో అనుమానం వస్తుంది. ఆపైన రక్తపరీక్షలు, బయాప్సీ. తేడా ఎందుకు ముఖ్యమంటే, లూపస్ కిడ్నీని సమయానికి పట్టుకుంటే మందులతో నిలబెట్టొచ్చు.

లూపస్ అంటే మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే మన ఒంటి మీద తిరగబడడం. ఈ జబ్బు వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళు. అదీ ఎక్కువగా పదిహేనుకీ నలభై అయిదుకీ మధ్య, అంటే పెళ్ళి, కాన్పు, పిల్లల పెంపకం, కూలి అన్నీ నెత్తిన ఉండే వయసులో. అందుకే దీని వైద్యంలో తీసుకునే ప్రతి నిర్ణయమూ ఒక ఆడదాని గర్భం గురించి, ముఖం గురించి, పెళ్ళి గురించి కూడా నిర్ణయం అవుతుంది. సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తే, మోతాదు పెరిగే కొద్దీ, వయసు పెరిగే కొద్దీ అండాశయాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. యూరప్ డాక్టర్లు తక్కువ మోతాదు పద్ధతి ఒకటి తయారు చేశారు, దాని ఫలితాలు 2002లో వచ్చాయి. అందులో ఆ భయం చాలా తక్కువ. మైకోఫెనొలేట్ ఇస్తే అండాశయాలకి ఏమీ కాదు. కాని ఆ మందు నడుస్తుండగా గర్భం వస్తే బిడ్డకి అవకరాలు రావచ్చు, కనీసం ఆరు వారాల ముందు ఆపాలి. అజథయోప్రిన్ గర్భంతో ఉన్నా వాడొచ్చు. హైడ్రాక్సీక్లోరోక్విన్ అయితే గర్భం వచ్చినా మానకూడదు, మానితేనే జబ్బు తిరగబెడుతుంది. స్టెరాయిడ్ ప్రాణం నిలబెడుతుంది, ముఖం ఉబ్బిస్తుంది, ఎముకలు గుల్ల చేస్తుంది, ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికి తెస్తుంది. "పెళ్ళిచూపులున్నాయి, ముఖం ఉబ్బింది, నెలరోజులు ఆపొచ్చా" అని ఎంతమంది తల్లులు నన్నడిగారో!

ఇందులో ఏది ఎంచుకోవాలన్నది డాక్టర్లకే చిక్కు ప్రశ్న. కిడ్నీ డాక్టరు ఒకటంటారు, కీళ్ళ డాక్టరు మరోటంటారు, స్త్రీల డాక్టరు "ముందు వాళ్ళనడిగి రండి" అంటారు. ఆ ముగ్గురి మధ్యా కబురు మోసేది మళ్ళీ ఆ గుడ్డ సంచీయే.

మా అమ్మాయికి మైకోఫెనొలేట్, స్టెరాయిడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్ రాశారు. వైద్యం సరైనదే. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. డాక్టరు ఆమె భర్తని పిలిచి "ఈ మందు వాడినంతకాలం పిల్లలు వద్దు" అని చెప్పారు. భర్త ఇంటికొచ్చి తల్లితో "ఇప్పుడు పిల్లలు వద్దన్నారు" అన్నాడు. అత్త ఆ మాటని "ఈ మందు యేసుకుంటే పిల్లలు పుట్టరంట" అని పక్కింట్లో చెప్పింది. పక్కింటి నుంచి అది ఈ అమ్మాయి చెవిన పడింది. డాక్టరు బల్లకి మూడడుగుల దూరంలో కూర్చున్న మనిషికి మాట చేరడానికి నలుగురు నోళ్ళు దాటాల్సి వచ్చింది. చేరేసరికి అది వేరే మాట అయిపోయింది.

ఆమె మాత్రలన్నీ మానేసింది. ఎవరికీ చెప్పలేదు. రోజూ వేసుకున్నట్టే నటించి పెరట్లో పారేసింది. నాలుగో నెలలో గర్భం వచ్చింది, ఇంట్లో పండగ చేసుకున్నారు. ఆరో నెలలో రక్తపోటు చుక్కలంటింది, ఫిట్స్ వచ్చాయి. బిడ్డ దక్కలేదు. కిడ్నీలు మూలపడి కొన్నాళ్ళు డయాలిసిస్ చెయ్యాల్సి వచ్చింది.

"మొండి పిల్ల, సెప్పిన మాట ఇనలేదు" అని ఆ వార్డులో అందరూ తిట్టారు. ఎవరు చెప్పారు? ఏం చెప్పారు? లూపస్ ఉన్న ఆడవాళ్ళు పిల్లల్ని కనొచ్చు. జబ్బు కనీసం ఆరు నెలలు సద్దుమణిగి ఉండాలి, మందులు ముందే మార్చుకోవాలి, కొన్ని రక్తపరీక్షలు చేయించుకోవాలి, నెలనెలా ఇద్దరు ముగ్గురు డాక్టర్లు కలిసి చూసుకోవాలి. అమెరికాలో కీళ్ళ జబ్బుల వైద్యుల సంఘం 2020లో దీని మీదే ఒక పెద్ద మార్గదర్శక పత్రం వేసింది. "ఇప్పుడు కాదు, రెండేళ్ళ తర్వాత ఇలా చేద్దాం" అని ఎవరైనా ఆమె కళ్ళలోకి చూసి చెప్పి ఉంటే ఆ మాత్రలు పెరట్లోకి పోయేవి కావని నా నమ్మకం. ఎప్పటికీ లేదనుకున్న మనిషి తెగిస్తుంది. కొంతకాలం అనుకున్న మనిషి ఆగుతుంది.

ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

ఆమె ఐసీయూలో ఒంటి మీద తెలివి లేకుండా ఉన్నప్పుడు బయట వరండాలో ఒక కాగితం తెచ్చారు. "మళ్ళీ గర్భమొస్తే మనిషి దక్కదు, కొంచెం తేరుకోగానే ఆపరేషన్ చేసేస్తాం, సంతకం పెట్టండి" అన్నారు. భర్త నా వైపు చూశాడు. "ఇంకా ఆలోచనేంటి, చేయించెయ్యండి" అన్నాను. ఇరవై ఏళ్ళుగా ఆడదాని శరీరం మీద ఆడదానికే హక్కుండాలని మీటింగుల్లో మాట్లాడుతున్న నేను, తెలివి లేని ఒక ఇరవై మూడేళ్ళ పిల్ల తరఫున ఒక్క నిమిషంలో తీర్పు చెప్పేశాను. దాన్ని ఆపింది ఎవరో తెలుసా? ఆమె అత్త. "మాకు మనవడు గావాల, నాను ఒప్పుకోను" అని కాగితం చింపినంత పని చేసింది. ఆవిడ కారణం మనకి నచ్చేది కాదు. కాని ఆ రోజు ఆ పిల్ల హక్కుని కాపాడింది ఆవిడే, నేను కాదు.

తర్వాత సమీరా కోహ్లీ కేసు తీర్పు గురించి చదివాను. ఢిల్లీలో 1995లో ఒక నలభై నాలుగేళ్ళ అవివాహిత కడుపులో పరీక్ష కోసం మత్తు తీసుకుంది. ఆమె మత్తులో ఉండగా డాక్టరు బయట ఉన్న తల్లి ఒప్పుకోలు తీసుకుని గర్భసంచీ, అండాశయాలు తీసేశారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: తెలివిగల, మైనారిటీ తీరిన మనిషి విషయంలో తల్లి ఒప్పుకోలు చెల్లదు, ప్రాణాపాయం అప్పటికప్పుడు తప్పించాల్సి వస్తే తప్ప ఆమె లేచేదాకా ఆగాలి. పరీక్షకిచ్చిన ఒప్పుకోలు వైద్యానికి వర్తించదు. మేలు కోసమే చేశామన్న వాదన కూడా నిలవదు. ఇప్పించిన పరిహారం పాతికవేలు, అది వేరే సంగతి! ఆ తీర్పులోని తల్లి స్థానంలో నాకు నేనే కనిపించాను.

ఇంకో విషయం. "గర్భం రాకూడదు" అనగానే మన డాక్టర్లకి, మనకి, అందరికీ ఒక్క ట్యూబెక్టమీయే ఎందుకు తోస్తుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతానికి ఈ ఆపరేషన్ అయిపోయింది. మగవాళ్ళ ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. లూపస్‌తో కిడ్నీలు దెబ్బతిని, స్టెరాయిడ్ వల్ల గాయం మానని, రక్తం గడ్డలు కట్టే ప్రమాదం ఉన్న మనిషికి కత్తి పెట్టడమా, ఆరోగ్యంగా ఉన్న భర్తకి పది నిమిషాల చిన్న ఆపరేషనా? ఈ ప్రశ్న ఒక్క ఆసుపత్రిలోనైనా భర్తని అడగ్గా నేను వినలేదు. అసలు శాశ్వతమైన ఆపరేషనే ఎందుకు, లూప్ వేయించుకోవచ్చు. కొన్ని గర్భనిరోధక మాత్రలు మాత్రం రక్తం గడ్డకట్టే తత్వం ఉన్న లూపస్ రోగికి ప్రమాదం. అదీ ఆమెకి తెలియాలి. పొరపాటున గర్భం వస్తే, 1971 చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే చాలు. భర్త సంతకం చట్టంలో ఎక్కడా లేదు, ఆసుపత్రి కౌంటర్లలోనే ఉంది.

డాక్టర్ల వైపు నుంచి కూడా ఆలోచించాను. ఓపీలో రెండొందల మంది ఉంటారు, మనిషికి మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో రోగనిరోధక వ్యవస్థ గురించి ఏం చెబుతారు? న్యాయమే. కాని భర్తకి చెప్పడానికి ఆ మూడు నిమిషాల్లోనే చోటు దొరికింది కదా! అదే మాట కుర్చీ మార్చి చెబితే సమయం ఎక్కువ పట్టదు. చదువు లేదు, అర్థం కాదు అంటారు. ఎరువు మోతాదు, వడ్డీ లెక్క, డ్వాక్రా పొదుపు పుస్తకం అర్థమయ్యే మనిషికి "ఈ మందు తింటున్నప్పుడు బిడ్డ వద్దు, మానేసిన ఆర్నెల్లకి చూద్దాం" అన్న మాట అర్థం కాదా? అర్థమయ్యేలా చెప్పే డాక్టర్లనీ చూశాను. ఒకావిడ కాగితం మీద కిడ్నీ బొమ్మ గీసి, జల్లెడ చిల్లులు పెద్దవైతే పిండిలో నూక దిగిపోయినట్టు నీ ప్రొటీన్ దిగిపోతోందమ్మా అని చెప్పారు. ఆ కాగితం మా దగ్గరికొచ్చే ప్రతి అమ్మాయికీ చూపిస్తున్నాం.

డబ్బు సంగతి రాయకుండా ఎలా? ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మొదటి మూడు జిల్లాల్లో మాది ఒకటి, మహబూబ్‌నగర్, అనంతపురంతో పాటు. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మారినా దాని నడక ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యం చుట్టూనే. ఈ జబ్బులకి కావాల్సింది ఏళ్ళ తరబడి నెలనెలా మాత్రలు, మూడు నెలలకో రక్తపరీక్ష. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్, అజథయోప్రిన్, సల్ఫసలజీన్ నాలుగూ కేంద్ర ప్రభుత్వపు అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. అవి జిల్లా ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర ప్రతి నెలా దొరకాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. 2020 మార్చిలో కరోనాకి హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేస్తుందని ప్రచారం మొదలై అందరూ కొనేసుకున్నప్పుడు, దాని మీదే బతికే లూపస్ అమ్మాయిలకి దొరకలేదు. పది మాత్రల అట్ట కోసం లాక్‌డౌన్‌లో సైకిళ్ళ మీద నాలుగు ఊళ్ళు తిరిగాం. కరోనాకి అది పనిచేయదని తర్వాత తేలింది. లూపస్‌కి పనిచేస్తుందని మాత్రం అప్పటికే అందరికీ తెలుసు.

కార్యకర్తలకి అనుభవం మీద కొన్ని మాటలు. తోడు వెళ్ళినప్పుడు డాక్టరు బల్ల పక్క కుర్చీలో ఆమెని కూర్చోబెట్టండి, మీరు నిలబడండి. మీరు మాట్లాడకండి. నాలాంటి వాళ్ళకి ఇదే కష్టం! ఇంటి దగ్గరే ఆమె అడగాలనుకున్నవి మూడు ప్రశ్నలు రాయించండి: ఈ మందు నా గర్భాన్ని ఏం చేస్తుంది, దీని బదులు వేరేది ఉందా, మానేస్తే ఏమవుతుంది. కాగితాలు ఆమె పేరునే ఆమె ట్రంకుపెట్టెలో ఉండాలి. అడిగిన 72 గంటల్లో కేసు కాగితాల నకళ్ళు ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లోనే ఉంది, ఇవ్వమంటే రాతపూర్వకంగా అడగండి. కీళ్ళు వంకరపోయి పని చేసుకోలేనివాళ్ళని సదరం శిబిరానికి తీసుకెళ్ళండి. లూపస్, రుమటాయిడ్ అన్న పేర్లు 2016 వికలాంగుల చట్టం జాబితాలో విడిగా లేవు. కదలికల వైకల్యం కిందే కొలుస్తారు. పైకి కనపడని నొప్పికీ నీరసానికీ శాతం వెయ్యరు. ఇది చట్టంలోనే ఉన్న లోపం, దీని మీద మనం ఎక్కడా గట్టిగా మాట్లాడలేదు. ఇంకా, కిడ్నీ డాక్టరు, కీళ్ళ డాక్టరు, స్త్రీల డాక్టరు వారానికొక్క రోజు ఒకే చోట కూర్చోవాలని జిల్లా స్థాయిలో అడగాలి. మా సంఘం ఈ మధ్యే కలెక్టరు గ్రీవెన్సులో అర్జీ పెట్టింది. జవాబు రాలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు బాగానే ఉంది. డయాలిసిస్ అవసరం లేకుండా కిడ్నీలు చాలావరకు కోలుకున్నాయి, మళ్ళీ మిషను తొక్కుతోంది. మూత్రంలో ప్రొటీన్ తొమ్మిది నెలలుగా అదుపులో ఉంది. పోయిన నెల భర్తని వరండాలో కూర్చోబెట్టి ఒక్కతే డాక్టరు గదిలోకి వెళ్ళింది. బిడ్డ కావాలంటే మైకోఫెనొలేట్ మాని అజథయోప్రిన్‌కి మారి ఇంకో ఆరు నెలలు చూడాలని, అయినా కిడ్నీకి ఒకసారి దెబ్బ తగిలింది కాబట్టి ప్రమాదం ఇతరులకన్నా ఎక్కువేనని ఆమెకే చెప్పారు. తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని "నువ్వైతే ఏటి సేస్తావు అప్పా?" అని నన్నడిగింది. నాకొక అభిప్రాయం ఉంది, గట్టిదే. చెప్పలేదు. పొందూరు దాటేదాకా ఇద్దరం ఆ కాగితమే చూస్తూ కూర్చున్నాం. వచ్చే నెల రెండో గురువారం మళ్ళీ వెళ్ళాలి, అప్పటికి ఆలోచించుకుని చెబుతానంది.